గిరి దాటిన రవి

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలిసిందే. రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లినీ, దానికి పాలు పట్టడానికి ఒక ఆవునూ ఇప్పించారు. రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు పిల్లి ముందు పెట్టాడు. పాపం, దాని మూతి కాలింది. ఆ తరువాత చల్లని పాలు పోసినా సరే, గిన్నె కనబడగానే అది పరుగో పరుగు. మన కోల్‌కతాలో బెంగాలీవాళ్ళకు ఇలాంటిదే ఒక సామెత ఉంది. కొట్టం తగలబడగా చూసిన ఆవు, ఆకాశంలో సిందూరం రంగు మబ్బు కనబడినా బెదిరిపోతుందని అంటారు.

కాల్చింది వేడి పాలు, బెదిరించింది చల్లని పాలు. తగలబెట్టింది నిప్పు, బెదిరించింది మబ్బు. ఒకచోట నేర్చుకున్న భయం, దాన్ని పోలిన ప్రతిదానికీ పాకుతుంది. పిల్లికీ ఆవుకీ వచ్చిన ఈ చిక్కే ఈ ఊళ్ళో పుట్టిన ఒక పిల్లవాడికీ వచ్చింది. అతను భయపడింది బడికి. పెద్దయ్యాక అతనే ఒక బడి పెట్టాడు. ఆ పిల్లవాడు రవీంద్రనాథ్ ఠాగూర్. విశ్వకవిగా ఆయన గురించి ప్రతి ఏటా మన పత్రికలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి మేము ఆ విశ్వకవిని కాసేపు పక్కన పెట్టి, బడి ఎగ్గొట్టిన రవి కథ చెబుతాం.

రవి 1861 మే 7న ఉత్తర కోల్‌కతాలోని జొరాసాంకో ఇంట్లో పుట్టాడు. గిరీష్ పార్క్ మెట్రో స్టేషనులో దిగితే ఇప్పుడు మనం ఆ ఇంటికి నడిచి వెళ్ళి చూసి రావచ్చు. తండ్రి దేవేంద్రనాథ్, తల్లి శారదాదేవి. అన్నలు, అక్కలు, వదినలు, మేనల్లుళ్ళతో నిండిన పెద్ద ఇల్లు. తోబుట్టువుల్లో చిన్నవాడు రవి. తండ్రి ఎక్కువగా ప్రయాణాల్లో ఉండేవారు. తల్లి లోపలి వాకిట్లో ఉండేది. పిల్లల ఆలనాపాలనా నౌకర్ల చేతుల్లో ఉండేది.

ఆ నౌకర్లలో శ్యామ్ అని ఒకడు. రవిని చూసుకోవడం అతనికి బరువుగా ఉండేదేమో, ఒక తేలిక ఉపాయం కనిపెట్టాడు. రవిని ఒకచోట కూర్చోబెట్టి, చుట్టూ సుద్దతో గిరి గీసేవాడు. గిరి దాటితే పెద్ద ఆపద వస్తుందని ముఖం గంభీరంగా పెట్టి, వేలు చూపించి హెచ్చరించి వెళ్ళిపోయేవాడు. ఆపద ఏమిటో చెప్పేవాడు కాదు. రవికి రామాయణం తెలుసు. లక్ష్మణుడు గీసిన గీత దాటినందుకు సీతమ్మకు ఏమైందో తెలుసు. సుద్దగీత అయితేనేం, గీత గీతే. గంటల తరబడి కదలకుండా కిటికీలోంచి చెరువునూ, మర్రిచెట్టునూ, స్నానానికి వచ్చేవాళ్ళనూ చూస్తూ కూర్చునేవాడు.

ఆ ఇంట్లో రవికంటే కాస్త పెద్దవాడైన మేనల్లుడు సత్య ఉండేవాడు. రవిని ఏడిపించడం అతనికి సరదా. ఒకనాడు ఆడుకుంటూ ఉండగా ఉన్నట్టుండి పోలీసు, పోలీసు అని కేకలు పెట్టాడు. పోలీసులు ఏం చేస్తారో రవికి సరిగా తెలియదు. మొసలి నోట చిక్కిన మనిషి ఎలా నీళ్ళలోకి వెళ్ళి మళ్ళీ కనబడడో, పోలీసు చేతికి చిక్కినవాడూ అంతేనని మాత్రం అనుకునేవాడు. వెనక్కి చూడకుండా లోపలికి పరుగెత్తి అమ్మ దగ్గరకు చేరాడు. అమ్మ ఏమీ కంగారు పడలేదు. అయినా ఆ రోజంతా బయటికి వెళ్ళే ధైర్యం రాలేదు. గడప మీద కూర్చుని రామాయణం చదువుకున్నాడు. ఈ పోలీసును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

బడి మీద రవికి మొదట భయం లేదు. అన్న సోమేంద్రనాథ్, మేనల్లుడు సత్య బడికి వెళుతుంటే తనూ వెళతానని ఏడ్చాడు. ఇంట్లో చదువు చెప్పే మాస్టారు ఒక చెంపదెబ్బ వేసి, ఇప్పుడు వెళ్ళడానికి ఏడుస్తున్నావు, రేపు మానడానికి ఇంతకంటే ఎక్కువ ఏడవాల్సి వస్తుందన్న అర్థంలో జోస్యం చెప్పారు. అది అక్షరాలా నిజమైందని రవీంద్రుడు పెద్దయ్యాక ఒప్పుకున్నారు.

మొదటి బడి ఓరియంటల్ సెమినరీ. అక్కడ ఏం నేర్చుకున్నాడో రవికి తరువాత గుర్తు లేదు కానీ, ఒక శిక్ష మాత్రం గుర్తుండిపోయింది. పాఠం అప్పజెప్పలేని పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించి, రెండు చేతులూ చాపించి, అరచేతుల మీద పలకలు దొంతరగా పేర్చేవారు. మన తాతయ్యలు చెప్పే గోడకుర్చీ, కోదండాల వంటిదే ఇది.

ఇంటికి వచ్చాక రవి ఒక ఆట కనిపెట్టాడు. వరండా కటకటాల చెక్క కమ్ములన్నీ విద్యార్థులు, రవి మాస్టారు. చేతిలో బెత్తం. ఏ కమ్మి బుద్ధిమంతుడో, ఏది మొద్దో రవికి బాగా తెలుసు. మొద్దు కమ్ములకు దెబ్బలే దెబ్బలు. ఎంత కొట్టినా అవి నోరెత్తవు కదా, రవికి ఇంకా కోపం వచ్చేది. మాస్టారు చెప్పిన పాఠం కంటే మాస్టారి కోపాన్నీ, తొందరపాటునూ, పక్షపాతాన్నీ తాను ముందుగా, తేలికగా నేర్చుకున్నానని ఆయన తరువాత రాసుకున్నారు. తాను చెక్కను కొట్టాను కాబట్టి ఎవరికీ నొప్పి కలగలేదని సంతోషించారు కూడా.

రెండో బడి నార్మల్ స్కూలు. అక్కడ పాఠాలకు ముందు పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి ఇంగ్లీషులో ఏదో పాడించేవారు. ఆ పాట అర్థం ఒక్కరికీ తెలియదు. నోటికి వచ్చినట్టు పలికేవారు. ఒక ఉపాధ్యాయుడి నోరు మంచిది కాదు. ఆయన తిట్టే తిట్లు వినలేక రవి ఆయన అడిగిన ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకూడదని నిశ్చయించుకున్నాడు. ఏడాదంతా తరగతిలో చివరన నోరు విప్పకుండా కూర్చున్నాడు. ఏడాది చివర బెంగాలీ పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు రవికే వచ్చాయి. ఆ ఉపాధ్యాయుడు నమ్మలేదు. పరీక్షించినవారు పక్షపాతం చూపారని ఫిర్యాదు చేశారు. పై అధికారి పక్కన కూర్చుని మళ్ళీ పరీక్ష పెట్టించారు. మళ్ళీ రవే మొదటివాడు. నోరు విప్పనివాళ్ళంతా మొద్దులు కారని ఇక్కడ మనం గమనించాలి.

మూడో బడి బెంగాల్ అకాడమీ. అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ బడిలో రవిని కొట్టినవారు లేరు, తిట్టినవారూ లేరు. తోటి పిల్లలు కాస్త అల్లరివాళ్ళే కానీ చెడ్డవాళ్ళు కాదు. చదవకపోయినా ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. అయినా ఆ గుమ్మంలో అడుగు పెట్టగానే రవి గుండె జారిపోయేది. అది కూడా బడే కదా! రంగూ బొమ్మా లేని ఆ గదులు పావురాల గూళ్ళున్న పెట్టెలా తోచేవి. చుట్టూ ఉన్న గోడలు కాపలా కాసే పోలీసుల్లా కనబడేవి.

చూశారా, పోలీసు మళ్ళీ వచ్చాడు! ఇంట్లో సత్య కేకతో మొదలైన భయం, మొదటి బడిలో పలకల బరువు, రెండో బడిలో తిట్లు, ఇవన్నీ కలిసి మూడో బడి గోడల మీద వాలాయి. ఆ గోడలు చేసిన తప్పు ఒక్కటే, అవి పాత బడుల గోడల్లా ఉండటం.

భయం ఇలా ఎందుకు పాకుతుందో శాస్త్రజ్ఞులు తరువాత పరీక్షించి చూశారు. 1920లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు ఆల్బర్ట్ అని పేరు పెట్టిన ఒక పసివాడి మీద ప్రయోగం చేశారు. వాడికి ఏడాది కూడా నిండలేదు. తెల్ల ఎలుకను చూస్తే మొదట వాడికి భయం లేదు. వాడు ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనక ఒక ఇనుప కడ్డీని సుత్తితో గట్టిగా కొట్టారు. కొన్నాళ్ళకు మోత లేకపోయినా ఎలుక కనబడితే చాలు, వాడు ఏడవసాగాడు. ఆ తరువాత కుందేలును చూసి ఏడ్చాడు. కుక్కనూ, బొచ్చు కోటునూ చూసి బెదిరాడు. వాటిలో ఏదీ వాడికి ఏ అపకారమూ చేయలేదు. పసివాళ్ళను ఏడిపించే ఇలాంటి ప్రయోగాన్ని ఇప్పుడు ఎవరూ అనుమతించరు. ఆల్బర్ట్ భయాన్ని పోగొట్టకుండానే వాణ్ణి పంపించేశారు. అది ఇంకా పెద్ద తప్పు.

అయితే ఇలా పాకడం అన్నివేళలా చెడ్డదేమీ కాదు. ఒక పొయ్యి దగ్గర చేయి కాల్చుకున్న పిల్లవాడు ప్రతి పొయ్యి దగ్గరా జాగ్రత్తగా ఉంటే మంచిదే. ఒక్కొక్క పొయ్యి దగ్గరా విడివిడిగా చేయి కాల్చుకుని నేర్చుకోనక్కరలేదు. హద్దు దాటి, చల్లని పాలను కూడా వదులుకున్నప్పుడే నష్టం.

రవి భయానికి మొదటి విరుగుడు 1873లో దొరికింది. అప్పటికి పన్నెండేళ్ళు నిండబోతున్నాయి. ఒడుగు చేశారు, గుండు కొట్టించారు. గుండుతో బెంగాల్ అకాడమీకి వెళితే పిల్లలు ఎంత ఎగతాళి చేస్తారో అని రవి దిగులుపడుతున్నాడు. అంతలో తండ్రి పిలిచి, తనతో హిమాలయాలకు వస్తావా అని అడిగారు. రవికి ఎగిరి గంతేయాలనిపించింది.

దారిలో మొదటి మజిలీ బోల్‌పూర్. రైలు ఎక్కడం మహా ప్రమాదమని, పట్టు తప్పితే అంతేనని సత్య ముందుగానే భయపెట్టి ఉన్నాడు. రవి వణుకుతూ స్టేషనుకు వెళ్ళాడు. తీరా చూస్తే రైలు ఎక్కడం ఎంతో తేలిక. అసలు కష్టమంతా ఇంకా ముందుంటుందేమో అనుకునేలోగా రైలు కదిలింది. ఇంతేనా అని రవి కాస్త నిరాశపడ్డాడు కూడా!

బోల్‌పూర్ దగ్గర దేవేంద్రనాథ్ 1863లో కొంత భూమి తీసుకుని శాంతినికేతన్ అనే ఇల్లు కట్టించారు. అక్కడ రవి చుట్టూ గిరి గీసే శ్యామ్ లేడు. వాన నీటికి కోసుకుపోయిన ఎర్రనేల గండ్లలో ఎంతసేపు తిరిగినా తండ్రి వద్దనలేదు. రంగురంగుల గులకరాళ్ళు ఏరి తెస్తే, ఇవెందుకురా అనకుండా మెచ్చుకున్నారు. ఖర్చుల డబ్బు కొంత రవికి అప్పగించారు. తన బంగారు గడియారానికి రోజూ కీ ఇచ్చే పని కూడా అప్పగించారు. రవి ఎంత శ్రద్ధగా కీ ఇచ్చాడంటే, కొన్నాళ్ళకు ఆ గడియారాన్ని మరమ్మతుకు కలకత్తా పంపాల్సి వచ్చింది! తరువాత అమృతసర్ మీదుగా డల్హౌసీ కొండలకు వెళ్ళారు. అక్కడ రవి ఇనుప పొన్ను వేసిన కర్ర పట్టుకుని ఒక్కడే కొండ దారుల్లో తిరిగేవాడు. ఏమవుతుందో అని తండ్రి హెచ్చరికలు చేయలేదు. తెల్లవారకముందే లేపి సంస్కృతం చెప్పేవారు. అక్కడ కూడా చదువు ఉంది, క్రమశిక్షణ ఉంది. లేనిది భయం ఒక్కటే.

తిరిగి వచ్చాక రవికి బడి గోడలు ఇంకా ఇరుకుగా తోచాయి. నాలుగో బడి సెయింట్ జేవియర్స్. అక్కడా మనసు నిలవలేదు. ఆ బడిలో కొన్నాళ్ళు ఫాదర్ డి పెనరాండా అనే స్పెయిన్ దేశపు ఉపాధ్యాయుడు ఉండేవారు. ఆయన ఇంగ్లీషు ఉచ్చారణ సరిగా ఉండదని పిల్లలు ఆయన మాట అంతగా వినేవారు కాదు. ఒకరోజు అందరూ రాసుకుంటూ ఉంటే రవి కలం పట్టుకుని ఎటో ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఆయన వెనకగా వచ్చి, వంగి, భుజం మీద మెల్లగా చేయి వేసి, ఒంట్లో బాగా లేదా అని అడిగారు. అంతే. కోప్పడలేదు. ఆ ఒక్క చేతి స్పర్శను రవీంద్రుడు యాభై ఏళ్ళు వచ్చాక రాసిన జీవనస్మృతిలో కూడా తలుచుకున్నారు.

కానీ ఒక్క చేయి నాలుగు బడుల భయాన్ని మాన్పలేకపోయింది. 1875లో అమ్మ చనిపోయింది. ఆ రోజుల్లోనే రవి బడికి పూర్తిగా దూరమయ్యాడు. ఆ మంచి ఉపాధ్యాయుడి దగ్గర ఇంకా ఏం నేర్చుకోగలిగేవాడో మనకు తెలిసే వీలు లేదు. చల్లని పాలు వదులుకోవడమంటే ఇదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రవీంద్రుడు బడి మానేసి గొప్పవాడయ్యాడు కదా, మనమూ మానేద్దాం అనుకునేవాళ్ళు మాలోనూ ఉన్నారు! రవికి ఇంట్లో చదువు తక్కువేమీ లేదు. చీకటితోనే కుస్తీ, ఆ తరువాత ఒక అస్థిపంజరాన్ని ముందు పెట్టుకుని ఎముకల పేర్లు, లెక్కలు, చరిత్ర, భూగోళం. బడినుంచి వచ్చాక వ్యాయామం, బొమ్మలు గీయడం. దీపాలు పెట్టాక ఇంగ్లీషు. రవి భయపడింది చదువుకు కాదు, చదువు చుట్టూ కట్టిన గోడలకు. ఆ రెండింటికీ తేడా ఉందని తెలుసుకోవడానికి ఆయనకు చాలా ఏళ్ళు పట్టింది.

1878లో ఇంగ్లండు వెళ్ళి, అక్కడా డిగ్రీ పూర్తి చేయకుండానే 1880లో తిరిగి వచ్చారు. 1883లో మృణాళినీదేవితో పెళ్ళయింది. పిల్లలు పుట్టారు. వాళ్ళు చదువుకునే వయసుకు వచ్చినప్పుడు తన చిన్ననాటి ప్రశ్న మళ్ళీ ఎదురైంది. వాళ్ళను అలాంటి బడికి పంపడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. పద్మా నది ఒడ్డున షిలైదహ్‌లో ఉంటూ ఇంట్లోనే చదువు చెప్పించారు. కానీ తన పిల్లలను తప్పించినంత మాత్రాన మిగతా పిల్లల మాటేమిటి?

1901 డిసెంబరు 22న ఆయన ఒక బడి తెరిచారు. కలకత్తాలో కాదు, పదకొండేళ్ళ వయసులో తన చుట్టూ గిరి లేకుండా తిరిగిన శాంతినికేతన్‌లో. ఐదుగురు విద్యార్థులు. వారిలో ఒకడు ఆయన పెద్దకొడుకు రథీంద్రనాథ్. డబ్బు చాలకపోతే మృణాళినీదేవి తన నగలు ఇచ్చేసింది. మరుసటి ఏడు నవంబరులోనే ఆమె కన్నుమూసింది. 1903లో కూతురు రేణుక, 1907లో చిన్నకొడుకు శమీంద్రనాథ్ చనిపోయారు. అయినా ఆయన బడి మూయలేదు.

ఆ బడిలో తరగతులు చెట్ల కింద జరిగేవి. చాపల మీద కూర్చునేవారు. పోలీసుల్లాంటి గోడలు లేవు. పాఠంతోపాటు పాట, నాటకం, బొమ్మలు, చెట్లు నాటడం, ఋతువుల పండుగలు. అర్థం తెలియని పాటను పిల్లల చేత పాడించిన బడిని మరిచిపోనివాడు కనుక, చదువు ముందు తల్లిభాషలో సాగాలని గట్టిగా కోరారు. 1921లో అది విశ్వభారతిగా పెరిగింది. మన తెలుగువారైన రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి కూడా శాంతినికేతన్‌లో చదువుకున్నవారే.

రవీంద్రుడు అక్కడితో ఆగలేదు. భయపడిన పిల్లవాడే తరువాత ఇతరుల బడులకు అతిథిగా వెళ్ళి కూర్చున్నాడు. 1919లో మన మదనపల్లెకు వచ్చి థియసాఫికల్ కళాశాలలో విడిది చేశారు. ఉదయం మనం ప్రార్థన సమయంలో పాడే జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాశారు.

నేర్చుకున్న భయం పోతుందా అన్నదాన్ని 1924లో మేరీ కవర్ జోన్స్ అనే శాస్త్రజ్ఞురాలు చూపించారు. పీటర్ అనే సుమారు మూడేళ్ళ పిల్లవాడికి కుందేలంటే భయం. ఉన్నినీ, దూదినీ, ఈకలనూ చూసినా భయమే. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా కుందేలును గదికి ఆ చివర ఉంచారు. రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరకు జరిపారు. బలవంతం చేయలేదు. చివరికి వాడు కుందేలును ఒడిలో పెట్టుకున్నాడు. అంతేకాదు, దూదికీ ఈకలకూ కూడా భయపడటం మానేశాడు. భయం పాకినట్టే ధైర్యమూ పాకుతుంది. చెట్టు నీడ, గులకరాళ్ళు, నమ్మి చేతికిచ్చిన గడియారం, ఇవన్నీ ఉన్నచోట బడిని మెల్లగా పక్కన పెట్టి, రవీంద్రుడు చేసింది కూడా అలాంటిదే అని మాకు అనిపించింది. ఆ ప్రయోగం గురించి చదవకుండానే, అది జరగడానికి ఇరవైమూడేళ్ళ ముందే చేశారు.

పాత భయం పూర్తిగా చెరిగిపోయిందా అంటే లేదనే చెప్పాలి. దాదాపు డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో పిల్లల కోసం తన చిన్నతనం గురించి రాసిన పుస్తకంలో కూడా, చీకటి వరండాలోంచి అమ్మ గదికి పరుగెత్తిన వణుకు ఆయన మరిచిపోలేదు. 1941 ఆగస్టు 7న, పుట్టిన జొరాసాంకో ఇంట్లోనే కన్నుమూశారు. భయం గుర్తుంది, కానీ అది ఆయన చేయి పట్టుకుని నడిపించలేదు.

ఇప్పుడు మన సంగతి. రవి ఊరు మారకుండానే నాలుగు బడులు మారాడు. మాలో కొందరం నాన్నగారి బదిలీలతో ఊళ్ళు మారి నాలుగు బడులు చూశాం. ఒకచోట భాష రాక నవ్వులపాలైతే, తరువాతి ఊళ్ళో ఎవరూ నవ్వకముందే నోరు మూసుకుంటాం. ఒక లెక్కల మాస్టారు కోప్పడితే, లెక్కలన్నిటి మీదా కోపం తెచ్చుకుంటాం. కొత్త బడి గేటు దగ్గర కడుపులో తిప్పినట్టుంటే, ఒక్క నిమిషం ఆగి అడుగుదాం. ఇది ఈ బడి పెట్టిన భయమా, పాత బడి నుంచి సామానుతోపాటు మోసుకొచ్చిన భయమా? ఈ పాలు నిజంగా వేడిగా ఉన్నాయా? ఉంటే అమ్మతోనో టీచరుతోనో చెబుదాం. లేకపోతే మెల్లగా, ఒక్కొక్క గుక్కా తాగి చూద్దాం.

బదిలీల ఉత్తర్వులు వచ్చే కాలం మళ్ళీ వచ్చింది. వచ్చే నెల మన తరగతుల్లో కూడా కొత్త పిల్లలు చేరతారు. చివరి బెంచీలో నోరు విప్పకుండా ఎవరైనా కూర్చుంటే, వాళ్ళ చుట్టూ కూడా ఎవరో, ఎక్కడో గీసిన గిరి ఉండవచ్చు. ఫాదర్ డి పెనరాండాకు పట్టినది అర నిమిషం. భుజం మీద చేయి వేసి, ఏ ఊరునుంచి వచ్చావని అడగడానికి మనకూ అంతకంటే ఎక్కువ పట్టదు.